పొగమంచులో తప్పిపోయిన ఇల్లు

టొరంటో
4 ఫిబ్రవరి 2008

ఆంబ్రోజ్ బాబాయ్,

ముందు కూర్చో. కూర్చున్నావా? టీ పక్కన పెట్టుకున్నావా? అయితే విను. నా నవల అచ్చేస్తారట! ఒప్పంద పత్రం వచ్చింది. నాలుగుసార్లు చదివాను, ఐదోసారి పక్కింటావిడకు చదివి వినిపించాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు. అయినా చప్పట్లు కొట్టింది.

నవల మన కుటుంబం గురించే. భయపడకు, పేర్లు మార్చాను. నువ్వు ఆంబ్రోజ్ కాదు, ఆంబ్రీ.

చిక్కల్లా ఒకటే. సంపాదకురాలు మొత్తం చదివి, "బాగుంది. కానీ ఇంట్లో ఇంత మౌనం పెట్టారు, దాని వెనక ఒక్క రహస్యమూ లేదే?" అంది. మే నెలాఖరులోగా రహస్యం చేర్చి పంపాలి. మనింట్లో ఉన్నదేమిటో నాకు తెలిస్తే కదా! నాన్న పోయి పద్నాలుగు నెలలైంది. ఉన్నన్నాళ్ళూ ఆయన మీ ఊరి గురించి నోరు విప్పింది గోడలకు కాగితం అంటించేటప్పుడే. అదీ, "మీ బాబాయ్ అయితే దీన్ని వంకర లేకుండా అంటించేవాడు" అనడానికి.

అందుకని నిన్ను అడుగుతున్నాను. నాన్నమ్మ వంటింటి గుమ్మం మీద పిల్లల ఎత్తులు కొలిచిన పెన్సిలు గీతలు ఉన్నాయి కదా. నాది ఉంది. చుట్టాల పిల్లలవి ఉన్నాయి. కుక్కది కూడా ఉంది. అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా పాతవి, నాలుగు గీతలు: "గార్లండ్". చివరిది 1965 జనవరి. ఎవరీ గార్లండ్? మన పార్డీ వంశంలో ఆ పేరు ఎవరికీ లేదు. నాన్నమ్మ ఏటా వసంతంలో వంటిల్లంతా పసుపు రంగు వేసేది, ఆ గుమ్మాన్ని మాత్రం ముట్టుకునేది కాదు. పన్నెండేళ్ళప్పుడు ఎందుకని అడిగితే, "రంగు ఇంకా తడిగా ఉంది, దూరం జరుగు" అంది. ఆ గుమ్మానికి అసలు రంగే లేదు బాబాయ్!

ఇంకొకటి. ఇది నవ్వుతూ అడగలేను. ఆ గుమ్మం మీద నాన్న లేడు. నువ్వూ లేవు. దీవి నుంచి ఆ ఇంటినే నీళ్ళ మీద ఈడ్చుకొచ్చారని చిన్నప్పుడు చెప్పారు. మరి మీరు పెరిగిన ఇంట్లో మీ గీతలు ఎందుకు లేవు? ఎవరో గార్లండ్‌ను కొలిచిన నాన్నమ్మకు సొంత కొడుకును కొలవాలని తోచలేదా? నాన్నను అడగాల్సింది. అడగలేదు.

నీ రోజువారీ పుస్తకాల్లోంచి కొన్ని ముక్కలు రాసి పంపు. నలభై ఏళ్ళ రాతల్లో ఒక్క రహస్యమైనా దొరక్కపోదు.

నీ రోవీనా

---

స్ప్రూస్ కోవ్
17 ఫిబ్రవరి 2008, ఆదివారం

గాలి వాయవ్యం. చలి గట్టిది. ఉచ్చుల్లో రెండు కుందేళ్ళు పడ్డాయి.

రోవీ,

ఉత్తరం అందింది. కూర్చునే చదివాను. నవల సంగతికి సంతోషం. ఒక కుందేలు నీ పేరు చెప్పి వండాను.

నేను బడికి వెళ్ళింది మూడేళ్ళు. తరవాత చదవడం పడవ ఇంజను పుస్తకం చూసి నేర్చుకున్నాను. అందువల్ల నా వాక్యాలు మర బిగించినట్టే ఉంటాయి. నవలకు పనికిరావు. అయినా అడిగావు కనుక చేతికి దొరికిన పుస్తకాల్లోంచి రాస్తున్నాను.

"8 ఆగస్టు 1967, మంగళవారం. ఆరింటికి నేనూ లెవీ తాళ్ళు కట్టాం. ఆకాశం తేట. ఏడున్నరకు పొగమంచు దిగింది. పదకొండుకు ఇల్లు గట్టు చేరింది. పిల్లి క్షేమం."

"9 ఆగస్టు 1967, బుధవారం. నైరుతి గాలి. అమ్మ కెటిల్ తోమింది."

"10 ఆగస్టు 1967, గురువారం. చినుకులు. డోర్కస్ అత్త టీకి వచ్చింది."

"15 మే 1974, బుధవారం. కాడ్ చేపలు నాలుగు బుట్టలు. అమ్మ కెటిల్ తోమింది."

"5 నవంబరు 1986, బుధవారం. తుఫాను. పొగగొట్టం ఎగిరిపోయింది. అమ్మ కెటిల్ తోమింది."

మిగతావీ ఇలాగే ఉంటాయి. మన ఇంట్లో రహస్యాలు లేవు. గాలి ఉంది.

గార్లండ్ సంగతి అడగకు. గుమ్మం సంగతి వదిలెయ్. మీ నాన్నను, మా సైలస్ అన్నయ్యను, కొలిచారు. మా అమ్మే కొలిచింది. అంతవరకు చెప్పగలను.

ఆంబ్రోజ్

---

టొరంటో
2 మార్చి 2008

బాబాయ్! బాబాయ్! బాబాయ్!

"గార్లండ్ సంగతి అడగకు" అని రాశావు. ఆ ఒక్క వాక్యంతో నాలుగు అధ్యాయాలు లేచి కూర్చున్నాయి. ఏ రహస్యమూ లేనివాడు అలా రాయడు. లేకపోతే "గార్లండా, వాడెవడు?" అని రాసేవాడివి.

నేనే విప్పేశాను. నువ్వు కాదనక్కర్లేదు, ఔననక్కర్లేదు.

ఒకటి: పొరుగింటి లెవీ, అదే డోర్కస్ అత్త మొగుడు, పొద్దున్న ఆరింటికే మన ఇంటికి తాళ్ళు కట్టడానికి ఎందుకొచ్చాడు? ఆ వేళ ఆయనకూ ఈడ్చుకెళ్ళాల్సిన ఇల్లు ఒకటి ఉందిగా! రెండు: డోర్కస్ అత్త ప్రతి గురువారం మనింటికి వచ్చేది. చిన్నప్పుడు నా కళ్ళతో చూశాను. పొయ్యి ముందు కుర్చీలో, గుమ్మానికి వీపు పెట్టి కూర్చునేది. గంటసేపు ఇద్దరూ పది మాటలు మాట్లాడుకునేవారు కాదు. అది టీ తాగడం కాదు బాబాయ్, కాపలా కాయడం! మూడు: గార్లండ్ గీతలు నాలుగేళ్ళకే ఆగిపోయాయి.

అంటే గార్లండ్ నాన్నమ్మకూ లెవీకీ పుట్టాడు. నాలుగేళ్ళు వచ్చేసరికి పోలిక బయటపడింది. ఎక్కడికో పంపేశారు. డోర్కస్‌కు తెలిసింది. నాన్నమ్మ జీవితాంతం ఆ గీతలకు రంగు వెయ్యలేకపోయింది. లెవీ కిటికీలోంచి దూకి పారిపోయే దృశ్యం ఎంత బాగా కుదిరిందో తెలుసా! రాస్తూ ఏడ్చాను, ఏడుస్తూ లేచి గంతులేశాను, కింద వాటావాళ్ళు చీపురుకట్టతో కప్పు పొడిచారు.

నాన్నను "కొలిచారు" అన్నావు, ఎక్కడో చెప్పలేదు. అంటే వేరే ఇంట్లో. అంటే నాన్న వేరే ఇంట్లో పుట్టాడా? పోయిన బిడ్డకు బదులుగా తెచ్చుకున్నారా? అదీ రాశాను. రాశాక అద్దంలో నా ముక్కు చూసుకున్నాను. నాన్నమ్మ ముక్కేనా ఇది? ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను. నేను పార్డీని కాకపోతే ఆ గుమ్మం మీద నా గీత ఏం చేస్తున్నట్టు?

ఇంకేమైనా దొరుకుతాయేమోనని మీ పోస్టాఫీసు మేడ్లిన్‌కు ఫోను చేసి, కుటుంబ రహస్యాల మీద నవల రాస్తున్నానని చెప్పాను. ఎవరికీ చెప్పనని మాటిచ్చింది.

నీ (అనుకుంటాను) రోవీనా

---

స్ప్రూస్ కోవ్
30 మార్చి 2008, ఆదివారం

గాలి తూర్పు. అఖాతంలో మంచుపలకలు కదులుతున్నాయి.

రోవీ,

మేడ్లిన్ ఎవరికీ చెప్పలేదు. వచ్చినవాళ్ళను అడిగితే ఎవరికి వారు తమంతట తామే తెలుసుకున్నామన్నారు. మూడు వారాలుగా నా వంటింట్లో కూర్చోవడానికి నాకే చోటు లేదు.

మొదట చెస్లీ వచ్చాడు.

"ఏం పొగమంచూ, మీ పిల్ల పుస్తకం రాస్తోందటగా. మా తాత సంగతి రాసుకోమను. అఖాతానికి ఈ గట్టున ఒక పెళ్ళాం, ఆ గట్టున ఒకామె."

"ఒకరి సంగతి ఒకరికి తెలీదా?" అన్నాను.

"తెలీకేం! ఎడంకాలి మేజోడు ఈవిడ అల్లేది, కుడికాలిది ఆవిడ. రంగులు కలవకపోతే జాబులు రాసుకుని తిట్టుకునేవారు. రాసుకోమను, నాకేం సిగ్గు లేదు. మా తాతని కాస్త పొడుగ్గా పెట్టమను, అంతే."

తరవాత ఎర్నెస్టీన్. తలుపు గడియ పెట్టి, కర్టెన్లు లాగి, నా చెవిలో చెప్పింది. 1981లో చర్చి సంతలో ఆమెకు మొదటి బహుమతి తెచ్చిన కొండపండ్ల జాము కొట్లో కొన్నదట. చెప్పేసి వెళ్ళింది. పది నిమిషాలకు తిరిగొచ్చి, "ఆంబ్రోజ్, నేనేం చెప్పలేదు, విన్నావా? నువ్వూ ఏం వినలేదు. అసలు ఇవాళ నేను గడప దాటలేదు" అంది. మర్నాడు మళ్ళీ వచ్చి, పుస్తకంలో ఆ జాము ఏ పేజీలో వస్తుందని అడిగింది.

రహస్యం లేనివాళ్ళకు ఊళ్ళో తలెత్తుకోవడం కష్టంగా ఉంది. పాస్టరుగారు కూడా ఏదో ఆలోచిస్తున్నారు.

ఇక నీ సంగతి. నువ్వు రాసింది తప్పు. అంతా తప్పే. ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతి కనుక నీకు ఎవరూ చెప్పి ఉండరు. నన్ను "పొగమంచు" అని ఎందుకంటారో తెలుసా? తక్కువ మాట్లాడతానని అనుకుని ఉంటావు. కాదు.

దీవిలో మా ఇల్లూ లెవీ ఇల్లూ పక్కపక్కన ఉండేవి. రెండూ ఒకే వడ్రంగి ఒకే వేసవిలో కట్టాడు. కిటికీలు అవే, మెట్లు అవే. పడవలకు వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగే రెండింటికీ వేశారు. దీవి ఖాళీ చెయ్యాలని సర్కారు చెప్పాక సామాన్లు ముందే దాటించి, రెండు ఇళ్ళనూ పీపాల మీద నీళ్ళలోకి దించాం. ముందు పడవ నాది. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. వెనక మూడు పడవలు నన్ను చూసి వచ్చాయి. పొగమంచు దిగింది. గట్టు చేరాక అరవై మంది తాళ్ళు పట్టి పాట పాడుతూ మా స్థలంలోకి ఇల్లు లాగారు. సాయంత్రం రెండో ఇల్లు వచ్చింది, డోర్కస్ అత్త స్థలంలోకి లాగారు. తలుపు తెరవగానే అందులోంచి మా పిల్లి బయటికొచ్చింది.

అలా తెలిసింది. అప్పటికి జనం చేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మళ్ళీ లాగుదామని అనే ధైర్యం ఎవరికీ లేదు. మా సామాను వాళ్ళ ఇంట్లో, వాళ్ళ సామాను మా ఇంట్లో సర్దుకున్నారు. పిల్లి మాత్రం ఒప్పుకోలేదు. చచ్చేదాకా డోర్కస్ అత్త దగ్గరే ఉంది.

ఆనాటి నుంచి నేను ఇల్లు పారేసుకున్నవాణ్ణి. ఈ నలభై ఏళ్ళలో ఏ పెళ్ళిలోనూ నా మీద కట్టిన పాట పాడకుండా నన్ను వదల్లేదు. ఏ పడవ యజమానీ నాకు చుక్కాని ఇవ్వలేదు. అందుకే ఇంజన్లు బాగుచేస్తూ ఉండిపోయాను. ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఇంజన్లు మంచివి.

కనుక నువ్వు చూసిన గుమ్మం డోర్కస్ అత్తది. గార్లండ్ ఆమెకూ లెవీకీ పుట్టిన ఒక్కడే బిడ్డ. 1965 శీతాకాలంలో గొంతువాపు జ్వరం వచ్చింది. అఖాతం గడ్డకట్టి డాక్టరు పడవ రాలేకపోయింది. నాలుగున్నరేళ్ళు వాడికి.

మీ నాన్న గీతలు, నా గీతలు డోర్కస్ అత్త ఇంటి గుమ్మం మీద ఉండి ఉంటాయి, ఆమె రంగు వేయకపోతే. మీ నాన్న పార్డీయే. నీ ముక్కు మా అమ్మదే. అద్దం చూసుకోవడం మానెయ్.

లెవీ తన టోపీ తీయడానికి కూడా పెళ్ళాన్ని అడిగే మనిషి. కిటికీలోంచి దూకడు. ఆ నాలుగు అధ్యాయాలు తీసెయ్.

ఆంబ్రోజ్

---

టొరంటో
12 ఏప్రిల్ 2008

బాబాయ్,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. చదివి గది మధ్యలో నిలబడి గట్టిగా నవ్వాను, తరవాత నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నాన్న గీతలు ఉన్నాయి! ఒక గుమ్మం అవతల ఉన్నాయి! ఇన్ని వేసవులు అక్కడికొచ్చి, డోర్కస్ అత్త ఇంట్లో జాము రొట్టెలు తిని, ఆ గుమ్మంలోంచే పరుగెత్తాను.

ఇప్పుడు భయంకరమైన సంగతి చెప్పాలి. కూర్చో.

నీ ఉత్తరం రాకముందే, మార్చి ఆఖరులో, రాతప్రతి మొత్తం డోర్కస్ అత్తకు పోస్టు చేశాను. మోసపోయిన భార్యగా రాశాను కదా, ఆమె అనుమతి లేకుండా అచ్చేయడం అన్యాయం అనిపించింది. కళ్ళు ఆనవని పెద్దక్షరాల్లో తీయించాను. నాలుగు వందల పేజీలు. పేర్లు మార్చాననే ధైర్యం. లెవీ పేరు లెవిస్. డోర్కస్ పేరు డోరిస్. గార్లండ్ పేరు మాత్రం మార్చలేదు, అంత అందమైన పేరు ఇంకోటి దొరకలేదు.

ఆ తల్లి బిడ్డను ఆమె దగ్గర్నుంచి తీసి ఇంకొకరికి ఇచ్చేశాను బాబాయ్. పేరుతో సహా.

పార్సెలు వెనక్కి వచ్చేలా మేడ్లిన్‌తో మాట్లాడు. దొంగతనమైనా చెయ్యి.

ఇంకోటి కూడా ఉంది. అడగొద్దంటే అడగను, కానీ కంట్లో నలుసులా ఉంది. నాన్న అనేవాడు, "పొగమంచులో పడవ నడపాలంటే మీ బాబాయే. రాళ్ళకు అల తగిలే చప్పుడు విని దారి చెప్తాడు" అని. అలాంటివాడివి ఇల్లు ఎలా మార్చేశావు? మళ్ళీ నీ పాత రాత తీసి చూశాను. "ఆరింటికి నేనూ లెవీ తాళ్ళు కట్టాం. ఆకాశం తేట. ఏడున్నరకు పొగమంచు." తాళ్ళు కట్టేటప్పుడు ఆకాశం తేటగా ఉంది. ఏ ఇంటికి కడుతున్నారో మీ ఇద్దరికీ కనిపిస్తోంది.

రోవీనా

---

స్ప్రూస్ కోవ్
24 ఏప్రిల్ 2008, గురువారం

గాలి లేదు.

రోవీ,

పార్సెలు సోమవారమే డోర్కస్ అత్తకు చేరింది. నీ ఉత్తరం నాకు నిన్న అందింది. మేడ్లిన్ సంతకం కూడా తీసుకుందట. అప్పటి నుంచి డోర్కస్ అత్త గడప దాటలేదు. పొగగొట్టంలో పొగ వస్తోంది, కర్టెన్లు మూసి ఉన్నాయి. ఇవాళ గురువారం. టీకి రాలేదు. అమ్మ పోయాక కూడా మానలేదు, నా ఎదురుగా ఆ కుర్చీలోనే కూర్చుని తాగి వెళ్ళేది. లెవీ చనిపోయిన వారం కూడా వచ్చింది. ఇవాళ కప్పు పెట్టి మధ్యాహ్నమంతా చూశాను.

నువ్వు పట్టుకున్న ఆ "ఆకాశం తేట" రాత నేనే నీకు పంపాను. రోజువారీ పుస్తకంలో అబద్ధం రాయడం నాకు చేతకాదు. ఎవరూ చదవరనుకున్నాను. ఇక చెప్తాను. నువ్వు నవల్లో రాసినా రాయకపోయినా నీ ఇష్టం. చెప్పకుండా ఉంటే నువ్వు ఇంకేదో ఊహిస్తావు.

పిల్లాడు పోయాక రెండేళ్ళు డోర్కస్ అత్త ఆ గుమ్మం ముందే కూర్చుంది. వండేది కాదు. లెవీ ఒకరోజు గుమ్మం గీకబోతే గరిటె తీసుకుని వెంటపడింది. ఇల్లు వదిలి రానంది, ఇంటితో సహా వస్తానూ అనలేదు. లెవీ వచ్చి మా అమ్మ ముందు కూర్చుని టోపీ పిసుకుతూ ఏడ్చాడు. అమ్మ అంది, "చెరిపితే ఆ పిల్ల బతకదు. కళ్ళెదురుగా ఉన్నా బతకదు. ఆ గుమ్మం పక్కింట్లో ఉండాలి."

ఇళ్ళు మార్చుకుందామంటే డోర్కస్ అత్త ఒప్పుకునే మనిషి కాదు. ఒకరి దయ తీసుకోదు. అందుకని పొరపాటు కావాలి. పొరపాటుకు ఒక మనిషి కావాలి.

"నీ మీద పడుతుందిరా. ఊరంతా నవ్వుతుంది. మొయ్యగలవా?" అంది అమ్మ.

"ఎన్నాళ్ళు?" అన్నాను.

"డోర్కస్ ఉన్నన్నాళ్ళు."

సరేనన్నాను. పంతొమ్మిదేళ్ళవాడికి అది ఎంత కాలమో తెలీదు. పొగమంచు మా లెక్కలో లేదు. తాళ్ళు పొరపాటున కట్టామని చెప్పాలనుకున్నాం. అది తనంతట తానే దిగి సాయం చేసింది.

మీ నాన్న అప్పటికే టొరంటోలో ఉన్నాడు. ఆయనకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. లెవీ చెప్పకుండానే పోయాడు, అమ్మ చెప్పకుండానే పోయింది. ఇప్పుడు నీకు చెప్పాను. ఆమె తలుపు తట్టాలో వద్దో నాకు తెలియడం లేదు.

ఆంబ్రోజ్

---

టొరంటో
2 మే 2008

బాబాయ్, తలుపు తట్టు! కొట్టు! పగలగొట్టు! నవల ఆపేయమని సంపాదకురాలికి చెప్పాను. ఆవిడ ఫోనులో నోరు తెరిచింది, ఇంకా మూయలేదనుకుంటాను. నాకు పుస్తకం వద్దు. డోర్కస్ అత్తకు ఏమైందో రాయి. విమానం టిక్కెట్టు తీసుకోనా? నీకు ఫోనులో మాటలు రావని తెలుసు, అయినా చెయ్యి. మాట్లాడకపోయినా పర్లేదు, ఊపిరి తీసుకో. నాకు అర్థమవుతుంది.

రోవీ

---

స్ప్రూస్ కోవ్
7 మే 2008, బుధవారం

రోవీ,

గాలి సంగతి చివర రాస్తాను.

నేను తలుపు తట్టలేదు. మొన్న గురువారం మధ్యాహ్నం ఆమే వచ్చింది. చంకలో నీ నాలుగు వందల పేజీలు. మధ్యలో గుర్తుగా అట్లకాడ పెట్టి ఉంది. వస్తూనే కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. చూస్తే నవ్వుతోంది.

"దూకాడంట!" అంది. "మా లెవీ! కిటికీలోంచి! ఒంటి మీద చొక్కా లేకుండా!"

"డోర్కస్ అత్తా, పిల్లకి తెలీక—"

"నోర్ముయ్ ఆంబ్రోజ్. పది రోజులు తలుపేసుకుని చదివాను, పొయ్యి మీద కూర మాడిపోయినా లేవలేదు. మళ్ళీ ఆ కిటికీ దగ్గరికొచ్చేసరికి నవ్వాగక నీళ్ళు తాగాల్సొచ్చింది. చొక్కా బొత్తాం నేను పెట్టకపోతే చర్చికి రానివాడు! పైనుంటే వింటాడు, సిగ్గుతో చస్తాడు, పాపం మళ్ళీ చస్తాడు!"

నేను టీ పోశాను. సగం సాసరులోకి పోయింది. ఆమె చూసింది.

"పొరపాటట! మంచులో కనపడలేదట!" అంది. "ఎడంకాలి బూటు ఎడంకాలికే తొడిగానా అని మూడుసార్లు చూసుకునేవాడు మా ఆయన. వాడు దగ్గరుండి తాడు కట్టి ఇంకోడి ఇల్లు తెస్తాడా? నేను నమ్ముతానా?"

"నీకు తెలుసా?"

"మొదటి గురువారమే తెలుసు."

ఎలా అని అడిగాను. ఆమె నవ్వడం మానేసి పొయ్యి వైపు చూపించింది.

"ఇదిగో, ఈ కెటిల్. దీవిలో ఉన్నన్నాళ్ళూ మీ అమ్మ దీన్ని ఒక్కసారి తోమిన పాపాన పోలేదు. సీలు చేపలాగా నల్లగా ఉండేది. ఇళ్ళు మారాక నేను ఈ వంటింట్లోకి మొదటిసారి వచ్చి, గుమ్మం చూడలేక దానికి వీపు పెట్టి కూర్చున్నాను. ఎదురుగా కెటిల్. తళతళా మెరిసిపోతోంది. దాని పొట్టలో నా వెనకాల గుమ్మం కనపడింది, చిన్నగా, వంకరగా. నాలుగు గీతలూ కనపడ్డాయి. తిరిగి చూడక్కర్లేదు. కన్నీళ్ళు ఎవరికీ కనపడక్కర్లేదు. ఎంతసేపు కావాలంటే అంతసేపు చూసుకోవచ్చు. మీ అమ్మ వైపు చూశాను. ఆవిడ అల్లిక అల్లుకుంటోంది. తల ఎత్తలేదు. నేనూ ఏం అనలేదు."

"ఎప్పుడూ అనలేదా?"

"ఏమనాలి? ఆవిడ తోమేది. నేను వచ్చేదాన్ని."

తరవాత ఆమె కెటిల్ మీద వేలితో గీసింది. మసి అంటింది.

"మీ అమ్మ విన్నీ పోయాక నువ్వు దీన్ని తోమడమే లేదు. మూడేళ్ళయింది ఆంబ్రోజ్, వాణ్ణి చూసి. అయినా రావడం మానలేదు. నువ్వు మీ అమ్మ కొడుకువి కదా, ఎప్పటికైనా తోస్తుందిలే అనుకున్నాను."

నాకు తోచలేదు. ఇన్నేళ్ళ పుస్తకాల్లో నా చేత్తోనే రాసుకున్నాను. పైకి వెళ్ళి తీసి చూశాను. మొదటిసారి కెటిల్ మాట వచ్చింది 9 ఆగస్టు 1967 బుధవారం. చివరిది అమ్మ మంచాన పడడానికి ముందు వారం. మధ్యలో ఒక్క బుధవారం తప్పలేదు. పొగగొట్టం ఎగిరిపోయిన రోజు కూడా.

ఇప్పుడు నీకు ఆమె పంపిన మాట. ఉన్నదున్నట్టు రాయమంది. "అన్నీ ఉంచమను. లెవీని ఎన్ని కిటికీల్లోంచైనా దూకించమను. నన్ను ఎంత చెడ్డదాన్నైనా చెయ్యమను, ఈ వయసులో ఎవరు చేస్తారు నాకా ఉపకారం? నా కూర మాడిందని మాత్రం రాయొద్దను, ఆ పది రోజులు తప్ప ఎప్పుడూ మాడలేదు. పిల్లాణ్ణి నాకు తిరిగి ఇచ్చెయ్యమను. గార్లండ్ నావాడు. పేరు మార్చొద్దు. అందరూ చదవాలి, వాడొకడు ఉన్నాడని."

వెళ్ళేటప్పుడు నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. వంటింటి గుమ్మం మీద నిలువునా పాత క్యాలెండరు వేలాడుతోంది. తీసింది. రంగు వెయ్యలేదు. సైలస్, రెండేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా. పక్కన నేను, ఎప్పుడూ అన్నయ్య కన్నా రెండు వేళ్ళు తక్కువ. ఆ పైన ఇంకా గీతలున్నాయి. అవి చూసి నాకు అర్థం కాలేదు. డోర్కస్ అత్త చెప్పింది. మీ నాన్న ఊరొచ్చినప్పుడల్లా ముందు ఆమె ఇంటికి వెళ్ళి, గుమ్మానికి వీపు ఆనించి నిలబడి, గీత గీయించుకుని, అప్పుడు మా ఇంటికి వచ్చేవాడట. చివరిది అమ్మ అంత్యక్రియలకు వచ్చినప్పటిది. అర అంగుళం తగ్గాడు. పక్కన ఆయన చేతిరాతతో ఉంది: "రోవీనాని తీసుకురావాలి."

జూలైలో రా. మీ నాన్న గీత కింద నిన్ను కొలుస్తానని డోర్కస్ అత్త పెన్సిలు చెక్కి పెట్టుకుంది. సంపాదకురాలికి ఫోను చేసి నోరు మూసుకోమని చెప్పు, నవల వస్తుంది. ఎర్నెస్టీన్ జాము ఏ పేజీలో ఉందో తెలియజెయ్, రోజూ అడుగుతోంది. ఇక నేను ఇల్లు పారేసుకోలేదని ఊళ్ళో చెప్పనా అని డోర్కస్ అత్తను అడిగాను. "చెప్పి పెళ్ళిళ్ళలో ఏం పాడుకుంటారు?" అంది. అదీ నిజమే.

రేపు గురువారం. ఇవాళ పొద్దున్న ఇసుక, చింకిగుడ్డ తీసుకుని కూర్చున్నాను. మూడేళ్ళ మసి, వదలడానికి పన్నెండింటిదాకా పట్టింది. కుర్చీలో కూర్చుని చూశాను. నాలుగూ కనపడుతున్నాయి. వాటి పైన నువ్వు కూడా.

పుస్తకంలో ఇలా రాశాను:

"7 మే 2008, బుధవారం. నైరుతి గాలి. కెటిల్ తోమాను."

ఆంబ్రోజ్